రన్‌వే అంచున తీతువు

ఆక్లండ్‌లో, ఫ్లాట్ బుష్ పేటలోని మా ఇంట్లో, కంచాల స్టాండులో అన్నిటికంటే వెనక, ఒక స్టీలు పళ్ళెం ఉంటుంది. అంచు ఒక పక్క లోపలికి నొక్కుకుపోయింది. అడుగున సొట్టలు పడి, అందులో అన్నం పెట్టుకుంటే చారంతా ఒక మూలకు పోయి నిలుస్తుంది. వెనక నా పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. చదువుకని బయలుదేరేటప్పుడు మా అమ్మ నంద్యాలలో స్టీలు సామాన్ల అంగట్లో దగ్గరుండి కొట్టించింది, ఇంకెవరి పళ్ళేల్లోనో కలిసిపోతుందని. న్యూజిలాండ్‌లో ఎవరి పళ్ళేల్లో కలుస్తుందనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. మొన్న మా అమ్మాయి మిన్ను వంటిల్లు సర్దుతూ దాన్ని తీసుకెళ్ళి రీసైక్లింగ్ డబ్బాలో వేయబోతే కేక పెట్టాను. "ఇట్స్ బ్రోకెన్, అమ్మా" అంది పాపం. బ్రోకెన్ కాదే, అది ఉద్యోగం చేసి రిటైరైన పళ్ళెం అన్నాను. కళ్ళు పైకి తిప్పి వెళ్ళిపోయింది. తెలుగు దానికి అర్థమవుతుంది, నేనే అర్థం కాను. దాన్ని నిలబెట్టి చెప్పలేకపోయింది ఇక్కడ కూర్చొని రాసుకుంటున్నాను.

పామర్‌స్టన్ నార్త్‌లో మేమంతా ఒకే ఫ్లాట్‌లో ఉండి చదువుకున్నవాళ్ళం. డిప్లొమాలు చేతికి రాగానే ఒక్కొక్కరే ఆక్లండ్ బస్సెక్కారు. అప్పటికి రమణకూ నాకూ పెళ్ళై ఏడాది కూడా కాలేదు. అతనికి ఆక్లండ్‌లో కంప్యూటర్ల ఉద్యోగం దొరికింది. నాకు దొరికిందల్లా ఊరికి దూరంగా, గొర్రెల పొలాల నడుమ ఉన్న ఒక చిన్న విమానాల క్లబ్బులో ఆఫీసు పని. రెసిడెన్సీ వచ్చేదాకా ఎవరి పని వాళ్ళు వదలకూడదని ఇద్దరం కూర్చొని తేల్చుకున్నాం. తేల్చుకున్నంత సులువుగా లేదు విడిగా ఉండటం. విమానాల క్లబ్బంటే ఏదేదో ఊహించుకోవద్దు. పచ్చగడ్డి రన్‌వే ఒకటి, దాని అంచు వెంబడి కంకర, రేకుల షెడ్లు, గాలి ఎటు వీస్తుందో చూపించే నారింజరంగు గుడ్డ గొట్టం, ఒక చెక్క క్లబ్‌హౌస్. షెడ్లలో ఉండే విమానాలు మా ఊరి ఆటోకంటే కాస్త పెద్దవి. శనాదివారాల్లో పాడి రైతులు, రిటైరైన పళ్ళ డాక్టర్లు వచ్చి వాటిని గాల్లో తిప్పి, టీ తాగి వెళ్ళేవాళ్ళు. మిగతా రోజుల్లో అక్కడ ఉండేది నేను, కెన్, గాలి. ఆ ప్రాంతాన్ని మనవాటు అంటారు, అక్కడి గాలికి వేళాపాళా లేదు. జడ వేసుకుని బయటికి వస్తే షెడ్డు దాటేలోపు విప్పేసేది.

ఫోన్లెత్తడం, కప్పులు కడగడం, విమానాల అద్దాలు తుడవడం నా పని. వీటన్నిటికంటే ముందు, పొద్దున్నే మొదటి విమానం లేచేలోపు, రన్‌వే ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచి పిట్టల్ని తోలాలి. లేచే విమానం రెక్కకో అద్దానికో పిట్ట తగిలిందంటే పిట్టకే కాదు, లోపలున్నవాళ్ళకూ చావే. ఈ సంగతి ఫోన్లో మా అమ్మకు చెప్పాను. "యాందీ, పిట్టల్ని తోలే పనా?" అంది. "మన జొన్నచేన్లో తోల్తా ఉంటివి గదమ్మే. దానికి సముద్రాలు దాటి పోవల్నా?" నేను నవ్వాను గానీ ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. కంకి పాలు పోసుకునే కాలంలో బడి లేని పూటంతా నేను మంచె మీదే ఉండేదాన్ని. చేతిలో వడిసెల, పక్కన పాత కిరసనాయిలు డబ్బా, కట్టె. చిలకలు వాలగానే డబ్బా మోగించి గొంతు చించుకుని అరిచేదాన్ని. ఆ చదువే చివరికి అక్కరకొచ్చింది.

కెన్ ఆ మైదానానికి కాపరి. డెబ్బై దాటిన మనిషి, భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. ట్రాక్టరుకు గడ్డి కోసే యంత్రం తగిలించుకుని రన్‌వే కోస్తుండేవాడు. మొదటిరోజు నేను "కెన్ అంకుల్" అంటే వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరన్నా ఉన్నారేమోనని. "నేను నీకు అంకుల్ ఎప్పుడయ్యాను?" అన్నాడు. అంతటివాణ్ణి పేరు పెట్టి పిలవడం నావల్ల కాదని చెప్పాను. రెండోరోజూ అంకులే అన్నాను, మూడోరోజూ అదే. తర్వాత ఒక పొద్దున చూస్తే క్లబ్‌హౌస్‌లో కప్పులు తగిలించే కొక్కేల దగ్గర ఆయన కప్పు కింద అట్టముక్క మీద "అంకుల్" అని రాసి ఉంది. ఆయనే రాసుకున్నాడు. నన్ను మాత్రం సుజీ అనలేక సూ అనేవాడు. పిట్టల్ని తోలడానికి ఆయన నాకొక గాలి హారన్ ఇచ్చాడు. చలికి అది మూలిగేది తప్ప మోగేది కాదు. నాలుగు రోజులు చూసి, ఒక పొద్దున నా పళ్ళెమూ గరిటే తీసుకుని వెళ్ళాను. మంచె మీద కొట్టినట్టు కొట్టేసరికి మైదానం మైదానమంతా లేచింది. ట్రాక్టరు ఆపి కెన్ చెవులు మూసుకుని నవ్వాడు. "దేవుడా, పెళ్ళి ఊరేగింపా ఇది?" అన్నాడు.

ఆ పొద్దుల్ని ఇప్పటికీ ముక్కుతోనే గుర్తుపడతాను. తడిసిన గొర్రె ఉన్ని, విమానాల పెట్రోలు, కోసిన గడ్డి, వీటి మధ్య నా పసుపుపచ్చ కోటుకు పట్టిన తాలింపు వాసన. షెడ్డు వెనక చిన్న క్యాబిన్‌లో ఉండేదాన్ని. ఒక మంచం, ఒక కరెంటు పొయ్యి, గాలికి గజగజలాడే కిటికీ. వేరుశనగ చట్నీ నూరిన రోజు కోటంతా అదే వాసన, కెన్ ముక్కెగరేసి "ఈరోజు ఏంటి టిఫిను?" అని అడిగేవాడు. బొరుగుల ఉగ్గాని పెడితే తిని, ఇది మా గుర్రాల మేత కాదు కదా అని గిన్నె ఖాళీ చేసేవాడు. మంచు విడవకముందే కుందేళ్ళు రన్‌వే మధ్యలో కూర్చుని చెవులు నిక్కించి నన్ను చూసేవి, తమ ఇంటికి నేనే చెప్పకుండా వచ్చినట్టు. పెద్ద రంగుబాతులు ఎప్పుడూ జంటగానే తిరిగేవి. వాటిని తోలడం నాకు మనసొప్పేది కాదు, మొగుడూ పెళ్ళాల్ని విడదీసినట్టుండేది. నలుపుతెలుపు మ్యాగ్‌పైలు మాత్రం నా నెత్తిమీదికే వచ్చేవి, వాటికి నా జడంటే ఏం పగో. గడ్డిలోంచి స్కైలార్క్ ఒకటి లేచి కంటికి ఆననంత ఎత్తుకు పోయి పాడుతూనే ఉండేది. అంత పాట విన్నాక ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. చెప్పడానికి ఎవరూ లేరు. తెలుగు మాట నోటినుంచి బయటికి వచ్చేది సాయంత్రం ఫోన్లోనే. అందాకా నాలుక మీద తుప్పు పడుతున్నట్టుండేది.

అక్కడ ఒంటరిగా ఉన్నకొద్దీ నాకొక పాడు ఆలోచన పట్టుకుంది. ఇక్కడ ఈ క్యాబిన్‌లో నేను పోతే ఎవరు ఏడుస్తారు? ఇదేం ఆలోచన అని నవ్వుకోవచ్చు. మా వైపు చావంటే నిశ్శబ్దం కాదు. మా అవ్వ పోయినప్పుడు వాకిట్లో ఆడవాళ్ళు వరసలు కలిపి, చేసిన వంటలూ పెట్టిన చేతులూ తలచుకుని పాటకట్టి ఏడ్చారు. పక్క వీధివాళ్ళకు ఎవరూ కబురు చెప్పనక్కర్లేకపోయింది. ఏడుపు విని వచ్చారు. పామర్‌స్టన్‌లో మేముండే ఫ్లాట్ పక్కింటి ముసలాయన పోతే మాకు తెలిసింది ఇంటిముందు అమ్మకానికి బోర్డు పెట్టాక. అంత నెమ్మదిగా, అంత మర్యాదగా పోవడం చూసి నాకు భయమేసింది. రమణకు చెబితే "నీకు పని తక్కువైంది సుజీ" అన్నాడు. పని తక్కువ కాలేదు. మనుషులు తక్కువయ్యారు.

చలికాలం చివర ఒక పొద్దున బూట్లు వేసుకుంటుండగా క్యాబిన్ పైకప్పు మీదుగా ఒక కూత పోయింది. నా చేతులు ఆగిపోయాయి. తీతువు. మా అవ్వ ఆ కూత వింటే చాలు, చేతిలో చేట అక్కడే పడేసి "తూ, తూ, నీ నోట్లో మన్నుబొయ్య, యా ఇంటిమీద కూస్తాండావే" అని తిట్టేది. తీతువు ఇంటిమీద కూసిందంటే ఆ ఇంట్లో చావు కబురే. చదువుకున్నాను, డిప్లొమా ఉంది, నమ్మనని అంటాను. అయినా వెంటనే రమణకు ఫోన్ చేశాను, పొద్దున్నే మోటర్‌వే మీద డ్రైవ్ చేస్తుంటాడని గుర్తొచ్చి. బాగానే ఉన్నాడు. మరునాడు మళ్ళీ కూసింది, మళ్ళీ చేశాను. ఆ వారమంతా ఇదే వరస. "సుజీ, ఆ పిట్ట కూసినప్పుడల్లా నువ్వు ఫోన్ చేస్తే, నేను పోయేది దానివల్ల కాదు, నీ ఫోన్ ఎత్తబోయి యాక్సిడెంట్ అయ్యి" అన్నాడు. ఆ మాట ఇంకా భయపెట్టింది. ఆ రోజునుంచీ పళ్ళెం తీసుకుని మిగతా పిట్టలన్నిటినీ వదిలేసి దాని వెంటే పడ్డాను. అది లేచేది, నా నెత్తి చుట్టూ తిరిగి ఇంకా గట్టిగా అరిచేది, మళ్ళీ కంకర మీద అక్కడే వాలేది. దగ్గరగా చూస్తే మన తీతువు కాదు, దానికి చిన్నాన్న బిడ్డ. మనదానికి కళ్ళ దగ్గర ఎర్రగా ఉంటుంది, దీనికి ముఖం మీద పసుపుపచ్చ తోలు వేలాడుతోంది. గొంతు కాస్త బొంగురు. ఇక్కడివాళ్ళు ప్లోవర్ అంటారని కెన్ చెప్పాడు. "అది పోదు. కింద గుడ్లున్నాయి చూడు" అన్నాడు.

చూశాను. గూడనేది లేదు. ఉత్త కంకరలో కాస్త గుంట, అందులో నాలుగు గుడ్లు, రాళ్ళ రంగులో రాళ్ళ మధ్య. రన్‌వే అంచుకు రెండు బారల దూరం. అంత బయలు నేలమీద, ఆ గాలిలో, ఏ అడ్డూ లేకుండా కూర్చుని ఉంది ఆ పిట్ట. నాకు మా నాన్న మడక గుర్తొచ్చింది. దుక్కిలో తీతువు గుడ్లు కనిపిస్తే నాన్న ఎద్దుల్ని పక్కకు తిప్పేవాడు. చేనంతా దున్నినా అంతమేర చాప వెడల్పు బీడు మిగిలేది. అవ్వేమో దాన్ని తిట్టేది, నాన్నేమో దానికి దారి వదిలేవాడు, ఇద్దరూ ఒకే అరుగుమీద కూర్చుని అన్నం తినేవాళ్ళు. ఆ మధ్యాహ్నం కెన్ రన్‌వే అంచు కోస్తూ వచ్చి, గుడ్ల దగ్గరికి రాగానే ట్రాక్టరును అర్ధచంద్రంలా తిప్పి పోయాడు. వెనక గడ్డి కుచ్చు ఒకటి నిలబడిపోయింది. ఈ దేశంలో అడుగుపెట్టాక మొదటిసారి నాకు తెలిసిన పని ఒకటి తెలిసినట్టుగా జరగడం చూశాను. క్యాబిన్‌లోకి పోయి కాసేపు ఏడ్చాను.

తర్వాత ఆ కూత నాకు వేరుగా వినిపించసాగింది. భయం పోలేదు గానీ, చుట్టుపక్కల నా ఊరి మాట తెలిసిన గొంతు అదొక్కటే అనిపించేది. పొద్దున మిగతా పిట్టల్ని తోలి, దానికి మాత్రం దూరంగా నడిచి, "ఏం తీతువా, తిన్నావా?" అని అడిగేదాన్ని. అది నన్ను తిట్టేది. తిట్టినా సరే. అయితే క్లబ్బు ప్రెసిడెంటుకు ఆ గుడ్లు నచ్చలేదు. వసంతంలో అక్కడ ఏటా ఒక పండగలాంటిది చేస్తారు, చుట్టుపక్కల ఊళ్ళనుంచి విమానాలన్నీ ఎగురుకుంటూ వచ్చి దిగుతాయి. ఆలోగా రన్‌వే అంచున గుడ్లుండకూడదు, తీసేయమన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు, ఆ పిట్టకు చట్టంలో కాపుదలా లేదు. కెన్ చేతులు తుడుచుకుంటూ, పండగలోపు పొదిగి పోతాయిలే, పోకపోతే నేనే తీస్తాను అన్నాడు. అప్పటినుంచి ఆ గుడ్లమీదే నా ప్రాణం. పిల్లలు బయటపడితే ఇక్కడ నేనూ బయటపడతాననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. కెన్‌కు మోకాలి నొప్పి ఎక్కువై, గడ్డి కోయడానికి బయటివాణ్ణి పిలిపించారు. అతనికి గుడ్లు కనపడవేమోనని, అతను వచ్చేరోజు తెల్లవారగానే బియ్యప్పిండి తీసుకుపోయి గుడ్ల చుట్టూ దూరంగా పెద్ద ముగ్గు వేశాను. వట్టి గీత ఎందుకని నాలుగు మూలలా పద్మాలు కూడా పెట్టాను. చాలా రోజుల తర్వాత ముగ్గు వేసిన చెయ్యి, ఆగలేదు. మా అమ్మ చూస్తే మెచ్చుకునేదే. కాఫీ పెట్టుకోవడానికి క్యాబిన్‌కు వెళ్ళొచ్చేసరికి ముగ్గు లేదు, పిట్టల సంత ఉంది. పిచ్చుకలు, గోరింకలు, మ్యాగ్‌పైలు, వాటి మీద సీగల్స్. చీమలకూ పిట్టలకూ వేసే పిండిని పిట్టల్ని తోలే మనిషి రన్‌వే పక్కన పోసింది మరి. సరిగ్గా అప్పుడే దిగబోతున్న చిన్న విమానమొకటి ఆ గుంపును చూసి నేల తాకకుండానే ఇంజను గర్జించుకుంటూ పైకి లేచిపోయింది. పళ్ళెం బాదుకుంటూ పరిగెత్తాను. తీతువులు రెండూ ఆ గుంపుమీద పడి పోట్లాడుతున్నాయి. నేను చేరేసరికి ఒక సీగల్ ముక్కున గుడ్డుతో లేచింది.

విమానం రెండో చుట్టులో క్షేమంగా దిగింది. దాన్ని నడిపిన ప్రెసిడెంటు దిగి, గొంతు పెంచకుండానే, అది ఏమిటి అని అడిగాడు. మా ఇళ్ళముందు వేస్తామన్నాను. ఎందుకు అన్నాడు. పిట్టలు తినడానికి అన్నాను, నిజమే కదా. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. మోకాలికి పట్టీతో కుంటుకుంటూ కెన్ నీళ్ళ గొట్టం లాక్కొచ్చి మిగిలిన పిండిని కడిగాడు. గడ్డి కుచ్చు చుట్టూ పాత టైర్లు సున్నం పూసి పెట్టాడు. "దీన్ని ఏ పిట్టా తినదు" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. టైరుమీద కూలబడి, అవ్వ చెప్పిందీ, చావు కబురూ, నేను ఇక్కడ పోతే ఎవరు ఏడుస్తారనేదీ అంతా బయట పెట్టేశాను. నా ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆయన గొట్టం చుట్టుకుంటూ విన్నాడు. "నా సంగతి ఇంకా తేలిక" అన్నాడు. "ఆ షెడ్డులో బల్ల వేసి సాసేజ్ రోల్స్ పెడతారు. ఎవడో ఒకడు నా గురించి రెండు జోకులేస్తాడు. టీ తాగి పోతారు. ఏడవడం మావాళ్ళకు రాదు, సూ." గుడ్లమీద మళ్ళీ కూర్చున్న పిట్టవైపు గడ్డంతో చూపించి, "అరవడానికి ఈ పాడు ప్లోవర్లు ఉంటాయిలే" అన్నాడు. చావు మాట అంత తేలిగ్గా అనకూడదని నేను వేలితో నేలమీద మూడుసార్లు కొట్టాను. అదెందుకని అడగకుండా ఆయన కూడా కొట్టాడు.

పండగకు ముందురోజు పొద్దున గుంటలో గుడ్లు లేవు, పెంకులున్నాయి. సీగల్స్ కోసం ఆకాశంలోకి చూశాను. తర్వాత గడ్డిలో ఏదో కదిలింది. కాళ్ళు తప్ప ఇంకేమీ లేనట్టున్న పిల్లలు మూడు, పుట్టిన పూటే నడుస్తున్నాయి. తల్లి వాటిని పిలుచుకుంటూ రన్‌వే అవతలి కాలవగట్టుకు బయలుదేరింది. అప్పటికే ఒక విమానం ఇంజను వేసుకుని లేవడానికి సిద్ధంగా నిలబడి ఉంది. కెన్ ట్రాక్టరు తీసుకెళ్ళి దానికెదురుగా పెట్టి, సీటుమీద నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. విమానంలో ఉన్నది ప్రెసిడెంటే. ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ఆ మూడు పిల్లలూ గడ్డిమోళ్ళు దాటుకుంటూ, పడుతూ లేస్తూ, మా అందరి ఎదుటా రోడ్డు దాటే బడిపిల్లల్లా దాటాయి. అవి గట్టు చేరాక ప్రెసిడెంటు కిటికీలోంచి బొటనవేలు చూపించాడు. ఆ రోజు రమణకు నేను చేసిన ఫోనులో మొదటిసారి చావు మాట లేదు. "ఏందే, అంత సంతోషంగా ఉండావు, రెసిడెన్సీ వచ్చిందా?" అన్నాడు.

రెసిడెన్సీ కూడా తర్వాత వచ్చింది. నేను ఆక్లండ్ చేరాను, మిన్ను పుట్టింది, ఫ్లాట్ బుష్‌లో ఇల్లు కొనుక్కున్నాం. బయలుదేరేరోజు కెన్ "ఇక పళ్ళెం ఎవరు కొడతారు?" అన్నాడు, అంతే. ఇక్కడ వీధికి నాలుగు తెలుగు కుటుంబాలు. పండక్కి పక్కనున్న బోటనీ పేట అంగళ్ళలో పూలు దొరుకుతాయి, కరివేపాకు పక్కింటి ఆంటీ పెరట్లో ఉంది, రోజంతా తెలుగు మాట్లాడుకోవచ్చు. కానీ మాట్లాడం. గ్యారేజీ తలుపు లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు దిగుతుంది. ఎదురింటివాళ్ళతో వాట్సాప్‌లో పలకరింపులు. అక్కడ గాలిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు నాకు ఎవరూ లేరని తెలిసి ఉండేది. ఇక్కడ అందరూ ఉన్నారు, అందుకని ఆ మాట నోరువిడిచి అనడానికి కూడా లేదు. ఇక్కడి పచ్చికల్లోనూ ప్లోవర్లు తిరుగుతాయి. మోటర్‌వే రొదలో వాటి కూత వినాలంటే ఆగాలి, మేము ఆగం. కెన్‌కు ఏటా క్రిస్మస్‌కు మెసేజ్ పెట్టేదాన్ని. ఆయన జవాబులో ఎప్పుడూ ఒకటే ప్రశ్న, టిఫిను ఏంటని.

మిన్ను బడిలో చేరిన ఏడు, వసంతకాలంలో, ఆఫీసులో ఉండగా క్లబ్బునుంచి మెసేజ్ వచ్చింది. కెన్ నిద్రలో పోయాడని, శనివారం షెడ్డులో కలుసుకుంటున్నామని. అంతే ఉంది. నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. అవ్వ లెక్కలో ఆ పొద్దున మా ఇంటిమీద తీతువు కూసి ఉండాలి. ఏమీ కూయలేదు. కూసినా నేను వినలేదు. రమణకు చెబితే ఈసారి పని తక్కువైందని అనలేదు. "పోదాం పద, నేను డ్రైవ్ చేస్తా" అన్నాడు. మిన్నుకు దారిలో తినడానికి చిత్రాన్నం కట్టి, అది ప్లాస్టిక్ ప్లేట్లో తింటే ఒలకబోస్తుందని ఈ పళ్ళెమూ ఒక గరిటే సంచిలో వేసుకున్నాను.

షెడ్డులో విమానాల్ని బయటికి తోసి బల్ల వేశారు. దానిమీద సాసేజ్ రోల్స్. ప్రెసిడెంటు ముసలివాడైపోయాడు, నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాడు, "ముగ్గు" అన్నాడు, ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడో. ఒకాయన లేచి కెన్ గురించి రెండు జోకులు చెప్పాడు. అందరూ నవ్వారు, కళ్ళు తుడుచుకున్నవాళ్ళు కూడా ఎవరూ చూడకుండా తుడుచుకున్నారు. కొక్కేనికి ఆయన కప్పు ఉంది, కింద ఆ అట్టముక్క రంగు వెలిసి. ఆయన ఎలా జరుగుతుందన్నాడో అచ్చం అలాగే జరుగుతోంది. ఏడవాలి, గట్టిగా, వాకిలి దాటి వినపడేలా. అంతమంది మర్యాదగల మనుషుల మధ్య నా నోరు లేవలేదు. బయటికి వచ్చి, కారులోంచి పళ్ళెం తీసుకుని, రన్‌వే వైపు నడిచాను.

గడ్డి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నున్నగా గొరిగినట్టుంది. ఎక్కడా ఒక్క కుచ్చు వదలలేదు. చాలాసేపు వెతికాను. మైదానమంతా ఖాళీగా, గాలి తప్ప చప్పుడు లేకుండా పడి ఉంది. పిట్టల్ని తోలాల్సిన పని ఆ రోజు లేదు, విమానాలేవీ ఎగరడం లేదు. అయినా గరిటె ఎత్తి కొట్టాను. మంచె మీద కొట్టినట్టు, అవ్వ పోయినప్పుడు వీధి చివర డప్పు కొట్టినట్టు, చెయ్యి లాగేదాకా కొట్టాను. ముందు ఏమీ లేవలేదు. తర్వాత కాలవగట్టు దగ్గర ఒకటి లేచింది. దాని వెనక ఇంకొకటి. ఆ చివరినుంచి మరో జంట, ఎక్కడెక్కడినుంచో ఇంకా, అన్నీ కలిసి షెడ్డు పైకప్పు మీదుగా తిరుగుతూ కూయడం మొదలుపెట్టాయి. నేను దేనికి భయపడి ఆ పిట్టను తరిమానో ఆ కూతే కావాలని కొడుతున్నాను. షెడ్డులోంచి మనుషులు చేతుల్లో కప్పులతో బయటికి వచ్చి తలలెత్తి నిలబడ్డారు. ఎవరో "బ్లడీ ప్లోవర్స్" అన్నారు, కప్పు పైకెత్తి.

మిన్ను చెవులు మూసుకుని నా పక్కకు పరిగెత్తుకొచ్చింది. "వై ఆర్ దే క్రయింగ్, అమ్మా?" అంది. చెయ్యి దించాను. రమణ వెనకే వచ్చి నిలబడ్డాడు, తీతువు పేరెత్తితే వెక్కిరించే మనిషి. ఆకాశంలోకే చూస్తున్నాడు.

"ఆపొద్దు సుజీ" అన్నాడు. "ఇంకొంచేపు కొట్టు."

పళ్ళెం అంచు నొక్కుకుపోయింది అప్పుడే.